పాలరాయి మీద తాంబాలమంత మచ్చ

బండలు తుడిచే ఈ పనిలోకి కొత్తగా వచ్చిన వాళ్లు కలిస్తే ముందు అడిగేది ఏ మందు డబ్బా మంచిదని. డబ్బా సంగతి తరువాత, ముందు సంచిలో సగం నిమ్మకాయ పెట్టుకోండని చెబుతాను. నవ్వుతారు. నేనూ ఒకసారి నవ్వాను. ఆ నవ్వు వల్ల ఒక ఆవు పశువుల అంగడికి పోయేదాకా వచ్చింది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా పేరు అండాలు. ఆలేరు దగ్గర పల్లెలో కూలికి పోయేదాన్ని. భువనగిరి జిల్లా కేంద్రమైన కొత్తలో ఊరి చుట్టూ చేలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు మేడలయ్యాయి. నాట్లు వేసే చేతులకు పని తగ్గి, బండలు తుడిచే చేతులకు పెరిగింది. రెండింటికీ ఒకేలా వంగాలి. పొలంలో వంగితే అన్నం వస్తుంది. ఇక్కడ వంగితే యజమానికి తన మొహం బండలో కనిపిస్తుంది. రెండో దానికే కూలి ఎక్కువ.

నిమ్మకాయ చెప్పేది

బండ ఏదో తెలియనప్పుడు ఎవరికీ కనిపించని మూలన ఒక నిమ్మచుక్క పిండాలి. సన్నగా బుడగలు లేచి, తుడిచాక అక్కడ మెరుపు పోయిందంటే అది పాలరాయో, షాబాదు బండో, తాండూరు బండో. దానికి పులుపు పడదు, యాసిడ్ అసలే పడదు. ఏమీ కాకపోతే గ్రానైటు. యజమానిని అడిగితే అన్నీ ఇటలీవే అంటాడు. మూలను అడగడం మేలు.

ఇంకొకటి, సీలర్. బండలో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. మరక వాటిలోకి దిగకుండా కొంతకాలం ఆపే మందు అది. పని చేయించుకునే గిరాకీలు మాత్రం దాన్ని తాయెత్తు అనుకుంటారు. ఒకసారి కొట్టించుకుంటే పసుపు, నూనె, దిష్టి అన్నీ ఆగిపోతాయని వాళ్ల నమ్మకం. తడి ఆరని బండకు సీలర్ కొడితే లోపలి తడి బయటికి రాలేక తెల్లటి మబ్బులా మిగులుతుంది. ఒక ఫంక్షన్ హాలు యజమాని, మరునాడు పెళ్లి ఉందని, పొద్దున కడిగించిన బండకు మధ్యాహ్నమే సీలర్ కొట్టించాడు. వారంలో హాలంతా మబ్బులు. పెళ్లివాళ్లు అడిగితే డిజైన్ అన్నాడట. తరువాతి నెల ఇంకో హాలు యజమాని నన్ను పిలిచి, గా మబ్బుల డిజైన్ నాకూ కావాలన్నాడు. ఇది నేను కల్పించి చెప్పడం లేదు.

నీళ్ల సంగతి కూడా ఉంది. మా వైపు బోరు నీళ్లు నల్ల గ్రానైటు మీద ఆరితే తెల్ల వలయాలు పడతాయి. ఒకాయన వంటగట్టు కోసం నన్ను మూడుసార్లు పిలిచాడు.

"నీళ్లు మార్చుకోవాలె సారూ. నేను మచ్చలు తీసి పోతాన, మీ నీళ్లు మళ్ల పెడుతున్నయి."

"నీళ్లు మా తాతల నాటివి. బండ మొన్న తెచ్చింది. తప్పు దేనిదో నువ్వే చెప్పు."

ఫ్లోరైడు ఉన్న ఆ బోరు నీళ్లే తాగి మా నాయన కాళ్లు వంకర తిరిగినప్పుడు మందు పట్టుకుని ఎవరూ మా ఇంటికి రాలేదు. గ్రానైటుకు తెల్ల మచ్చ పడితే మాత్రం తెల్లారేసరికి మనిషి కావాలి.

మేస్త్రి, మూతలు

నాకు పని నేర్పింది సత్తయ్య మేస్త్రి. కళ్లు మూసుకుని అరచెయ్యి ఆనించి ఈ బండకు ఎన్ని విడతల పాలిష్ పట్టిందో చెప్పేవాడు. గడపలకు పట్టిన పసుపు తీయడానికి సుద్దపొడి ముద్ద పెట్టి, పైన తడిగుడ్డ కప్పి, రెండు రోజులు ఆగమని నేర్పింది ఆయనే. ఒకే బండగా నిలిచిన భువనగిరి గుట్ట వైపు చూసి, "గా గుట్టకు పాలిష్ పని దొరికితే ఏడు తరాలు కూసొని తినొచ్చు అండాలూ" అని నిజంగానే బాధపడేవాడు.

లోపం ఒక్కటే. తప్పు జరిగిందనే మాట ఆయన నోటికి రాదు. గిరాకీతో మూడు మాటలే మాట్లాడాలని మాకు చెప్పేవాడు: "అయితది. అయింది. ఆరితే పోతది." ఈ మూడింటితో ఆయన ఇరవై ఇళ్లకు పైగా పూర్తి చేశాడు.

మా జట్టులో ఆరుగురం ఆడవాళ్లం, ఒక్కరికీ చదువు లేదు. డబ్బాలను మూతల రంగుతో గుర్తుపట్టేవాళ్లం. ఎర్ర మూత గ్రానైటుకు, సిమెంటు మరకలకు. అందులో యాసిడ్ ఉంటుంది. నీలం మూత పాలరాయికి; సబ్బునీళ్ల లాంటిది, నురగ వస్తుంది. ఎర్రది నిప్పు, నీలంది నీళ్లు. పాఠం అంతే. డబ్బాల కంపెనీకి మా పాఠం సంగతి తెలియదు.

ముహూర్తానికి ముందు రోజు

నర్సింహ సారుది ప్లాట్ల వ్యాపారం. పట్నం రోడ్డు వైపు రెండంతస్తుల ఇల్లు కట్టాడు. మెట్లకు గ్రానైటు, హాలుకు ఇటలీ పాలరాయి. ఆ రాయి ఓడ మీద వచ్చిందని వచ్చిన ప్రతి మనిషికీ చెప్పేవాడు. నేను సికింద్రాబాదు దాటి రైలు కూడా ఎక్కలేదు కాబట్టి, ఆ రాయి మీద కాలు పెట్టేటప్పుడు నాకూ కొంచెం మర్యాద కలిగేది.

మరునాడు పొద్దున్నే గృహప్రవేశం. సాయంత్రానికి అంతా అయిపోయింది, గుమ్మానికి ఎదురుగా, హాలు నడిమధ్య, ఎవరో చిందించిన నాలుగు సిమెంటు చుక్కలు తప్ప. ఆ రోజే కొత్త డబ్బాలు వచ్చాయి. నేను నీలం మూత డబ్బా తీశాను. ఎందుకో చెయ్యి ఆగింది.

"మూలకు జర చూసి పోస్త మేస్త్రీ."

"రోజూ పోసే మందుకు మూలేంది, మధ్యేంది? పొద్దు గూకుతాంది. నీ నిమ్మకాయ పులిహోరకు దాసుకో."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నడిమధ్యన పోశాను.

నురగ వచ్చింది. సబ్బు నురగే అనుకున్నాను. ఇల్లంతా కొత్త రంగుల వాసన, అందుకని మందు వాసన ముక్కుకు తగలలేదు. తుడిచాను. ఆరిన తరువాత చూస్తే తాంబాలమంత మేర రాయికి కళ్లు పోయినట్టుంది. చుట్టూ అద్దం, మధ్యలో బూడిద.

కంపెనీ వాడు ఆ విడతలో యాసిడ్ డబ్బాకు నీలం మూత పెట్టాడు. ఆ సంగతి డబ్బా మీద రాసి ఉందట. చదివేవాళ్లకు.

"ఆరితే పోతది," అన్నాడు మేస్త్రి.

"ఆరినంకనే వచ్చింది మేస్త్రీ."

ఆయన ఆ మచ్చ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. నా వైపు చూడకుండా, "ముగ్గెయ్యి," అన్నాడు. "పెద్దగ ఎయ్యి. బియ్యప్పిండితోని దట్టంగ ఎయ్యి. ఎల్లుండి వచ్చి పాలిష్ పడుదం."

నా బతుకులో అంత అందమైన ముగ్గు మళ్లీ వేయలేదు.

గౌరి

గృహప్రవేశాలకు ఆవును తెచ్చేది మా వాడకట్టు యాదగిరి. ఆవు పేరు గౌరి. కొమ్ములకు పసుపు పూసి, మెడకు గంట కట్టి ఇంటింటికీ నడిపించుకుని పోతాడు. మెట్లెక్కడంలో గౌరి అంత నేర్పరి ఆవు ఊళ్లో లేదు. ఆ పనితోనే యాదగిరి ఇల్లు గడిచేది.

ఆ పొద్దున గౌరి గుమ్మం దాటి నేరుగా ముగ్గు దగ్గరికి పోయింది. బియ్యప్పిండి కదా, నాకడం మొదలుపెట్టింది. యాదగిరి తాడు లాగినా కదలలేదు. ముగ్గులోని పద్మం ఒక రేక, రెండు రేకలు నాకి, తోక ఎత్తి, అక్కడే పోసింది.

ఇల్లు ఇల్లంతా చేతులు జోడించింది. పూజ చేయించే అయ్యగారు మహా శుభమన్నారు. నర్సింహ సారు తల్లి బుచ్చమ్మ దోసిట్లో పట్టి అందరి మీదా చల్లింది. ఫోటోలు తీసే అతనికి మాత్రం సరిగ్గా పడలేదు.

"అన్నా, ఇంకొక్కసారి పోయించవా? ఇటు తిరిగి?"

"తిప్పితే రానీకె గిదేమన్న నల్లానా బై!" అన్నాడు యాదగిరి.

హోమం అయ్యేదాకా తుడవకూడదని బుచ్చమ్మ ఆజ్ఞ. గోడ వారగా నిలబడి నేను మేస్త్రి మొహం చూశాను. అంత భక్తి ఆయన మొహంలో ముందెప్పుడూ చూడలేదు.

మచ్చ ఎవరిది

మరునాడు మేం పాలిష్‌కు పోకముందే ముగ్గు కడిగారు, మచ్చ బయటపడింది. నర్సింహ సారు మేస్త్రిని పిలిపించాడు. నేను వెనకే ఉన్నాను. మేస్త్రి వంగి చూశాడు, వేలితో రాశాడు, పెద్ద డాక్టరులా నిట్టూర్చాడు.

"ఆవు ఉచ్చ సారూ. అండ్ల ఉప్పు ఉంటది. ఇటలీ రాయి, మన ఊరి ఉచ్చకు ఓర్వలే."

"ఓడల తెచ్చిన రాయి! గా యాదగిరిగాని ఆవు కరాబు చేసింది! పాలిష్ పట్టి తీసెయ్ మేస్త్రీ."

"ముట్టుకున్నరంటే చూడు!" అని బుచ్చమ్మ లోపలి నుంచి వచ్చింది. "గోమాత ఇచ్చిన గురుతు. గట్లనే ఉండాలె." ఆ రోజు నుంచి ఆమె ఆ మచ్చ మీద పొద్దున్నే పసుపు, కుంకుమ పెట్టడం మొదలుపెట్టింది. పాలరాయి మీద పసుపు. కొడుకు తిడుతుంటే తల్లి మొక్కుతోంది.

నర్సింహ సారు తన ప్లాట్లు కొన్న వాళ్ల ఫోన్ గ్రూపులో మచ్చ ఫోటో పెట్టాడు. అంతే, గౌరి పేరు పాడైంది. ఒకరు ఆవును గేటు దాకా రమ్మని, గేటుకే హారతి ఇచ్చి పంపారు. ఇంకొకరు నడుముకు గోనెపట్టా కట్టి తీసుకురమ్మన్నారు; గౌరి ఒప్పుకోలేదు. ఒక ఇంట్లో వెండి ఆవు బొమ్మను పళ్లెంలో మోసుకుని గదులు తిప్పారు. ఇంకో ఇంట్లో ఫోన్‌లో ఆవు వీడియో పెట్టి గడప మీద ఆనించారు. హారతి మధ్యలో ఆ ఫోన్‌కు లోన్ కావాలా అని ఎవరో కాల్ చేశారట.

నెల తిరిగేసరికి యాదగిరిని పిలిచేవాళ్లు లేరు. ఒకరోజు మా ఇంటి ముందు వచ్చి కూర్చున్నాడు.

"అక్కా, బండల సంగతి నీకెరుక గదా. నా గౌరి ఉచ్చకు గంత జోరుంటదా? కొట్టంల బండ మీద ఏండ్ల సంది పోస్తాంది. గా బండ ఇంకా బండ లెక్కనే ఉంది."

నేను పెంకులు చూశాను, చెప్పులు చూశాను. "ఏమో తమ్మీ," అన్నాను.

"వచ్చే అంగడికి తోల్కపోత. గడ్డి కొనే శక్తి లేకపాయె. మా ఇంటామె రెండు దినాల సంది అన్నం ముడుతలేదు."

అంగడికి నాలుగు రోజులుంది. అంగడిలో అంత వయసున్న ఆవును ఎవరు కొంటారో అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

మేస్త్రి దగ్గరికి పోయాను. విన్నాడు.

"ఆవుకు పేరు పోతే ఏమైతది అండాలూ? దానికి ఆధార్ ఉందా, రేషన్ కార్డుందా? నాకు పేరుంది. నువ్వు నోరు తెరిస్తే నా పేరు పోతది, నీ పని పోతది."

"యాదగిరి ఇల్లు పోతాంది మేస్త్రీ."

"గన్ని ఫికర్లు బండలు తుడిచేటోళ్లకు ఎందుకు?"

ఇంటికి వచ్చాను. పని పోతే మళ్లీ నాట్లకు పోవాలి. మోకాళ్లు అప్పటికే సగం పోయాయి. రెండు రోజులు ఆలోచించాను. ఆలోచించాననడం మర్యాదగా చెప్పడం. భయపడ్డాను. మూడో రోజు యాదగిరి కొట్టానికి పోయి, ఒక చెంబు గౌరి ఉచ్చ పట్టుకుని నాతో రమ్మన్నాను. నాకు మతి పోయిందనుకున్నాడు, అయినా వచ్చాడు.

వరండాలో పరీక్ష

ఆ ఇంట్లో మిగిలిన పాలరాయి ముక్కలు పెరట్లో ఉండేవి. ఒకటి తెచ్చి వరండాలో పెట్టాను. నర్సింహ సారు, బుచ్చమ్మ బయటికి వచ్చారు. ముక్కకు ఒక కొసన చెంబులోది పోశాను.

"గిదేం పని పొద్దున్నే?" అన్నాడు సారు.

"జరసేపు ఆగున్రి సారూ. చాయ తాగున్రి."

ఆయన చాయ అయ్యేదాకా ఆగి తుడిచాను. అద్దంలా ఉంది. రెండో కొసన నా సంచిలోని ఆ నీలం మూత డబ్బాలోది పోశాను. నురగ లేచింది. తుడిచాను. బూడిద.

సారు చాయ గ్లాసు కింద పెట్టాడు.

"హాల్ల ఉన్న మచ్చ గౌరిది కాదు సారూ. నాది. మూలకు చూడకుంట గీ యాసిడ్ నడిమధ్యల పోసిన. మచ్చ కనబడకుంట ముగ్గేసిన. ముగ్గు నాకనీకే గౌరి ఆడ నిలబడ్డది."

"మరి మేస్త్రి ఆవు అన్నడు గదా?"

"డబ్బా పట్టుకున్న చెయ్యి నాది సారూ."

ముందు తేరుకున్నది బుచ్చమ్మ. "అంటే బిడ్డా... గిన్ని దినాలు నేను నీ యాసిడ్‌కు పసుపు కుంకుమ పెట్టిన్నా?"

"అవునవ్వా."

"కొబ్బరికాయ గూడ కొట్టిన గదనే!"

యాదగిరి నన్నే చూస్తున్నాడు. సంతోషిస్తాడనుకున్నాను. "ముందుగాల ఎందుకు చెప్పలేదక్కా?" అన్నాడు. నేను చెంబు అతని చేతికి ఇచ్చాను.

నర్సింహ సారు కేకలు వేయడం మొదలుపెట్టాడు. కూలి అక్కర్లేదు, మచ్చ నేనే తీస్తానన్నాను. కానీ ముందు గ్రూపులో ఫోటో ఎలా పెట్టారో, గౌరి తప్పు లేదని కూడా అలాగే పెట్టమన్నాను. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. తప్పుడు మాట పంపడానికి ఒక్క వేలు చాలింది. సరిదిద్దే మాటకు ఇంట్లో అందరినీ సంప్రదించాడు. చివరికి బుచ్చమ్మ, "పెడ్తవా, నన్ను పెట్టుమంటవా?" అంటే పెట్టాడు. గౌరి ఫోటో, కింద "గౌరి నిర్దోషి" అని. కోర్టు తీర్పులా ఉందని యాదగిరి తరువాత దాన్ని పటం కట్టించుకున్నాడు.

మూడు రోజులు మోకాళ్ల మీద కూర్చుని ఆ మచ్చ తీశాను. గరుకు ప్యాడ్‌తో మొదలుపెట్టి, నీళ్లు పోస్తూ, సన్నవి మారుస్తూ, మచ్చకు ఆవల కూడా మూరెడు మేర కలుపుతూ రుద్దాలి. మచ్చ దగ్గరే రుద్దితే గుంట పడుతుంది, వెలుతురులో పట్టిచ్చేస్తుంది. దానికి ముందు బుచ్చమ్మ పసుపు తీయడానికే ఒక సుద్దపొడి ముద్ద పట్టింది. ఆమె కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుంది. మెరుపు తిరిగి వచ్చాక అటూ ఇటూ చూసి, "ఇగ బొట్టు ఏడ పెట్టాలె?" అంది, కొంచెం దిగులుగా.

ఆ అంగడికి గౌరి పోలేదు. శ్రావణం వచ్చేసరికి యాదగిరికి మళ్లీ తీరిక లేకపోయింది. మేస్త్రి నన్ను మానిపించాడు. పని దొరకదనుకున్నాను, దొరికింది. బుచ్చమ్మ చుట్టాలందరికీ నా గురించి, "మచ్చ చేసేది గామెనే, తీసేది గామెనే," అని చెప్పిందట. అంతకంటే మంచి సిఫారసు నాకు ఎవరూ చేయలేదు.

మూత కింద ఉన్నది

ఆ తరువాతే అక్షరాలు నేర్చుకున్నాను. మా పొదుపు సంఘంలో లెక్కలు రాసే సుజాత నేర్పింది. తెలుగు వచ్చాక డబ్బా తీసి చూస్తే, దాని మీద ముక్క తెలుగు లేదు. ఇటలీ రాయిని తుడిచే భువనగిరి ఆడవాళ్ల కోసం ఇంగ్లీషులో రాశారు. అందుకని యాసిడ్ అనే మాటకున్న నాలుగు ఇంగ్లీషు అక్షరాలు కూడా నేర్చుకున్నాను. ఆ నాలుగు చాలు. ప్రతి డబ్బా మీద వాటి కోసం వెతకండి. దొరికినా, దొరకకపోయినా మూలన ఒక చుక్క వేసి చూడండి.

సత్తయ్య మేస్త్రి జట్టులో ఇప్పటికీ మూతలే చూస్తారట. ఈమధ్య మూతలు మళ్లీ మారాయి.

కొన్నేళ్ల తరువాత, నేను పని మానేసిన ఏడాది, నాకు రెండు గదుల ఇల్లు పూర్తయింది. కింద తాండూరు బండలు, నేనే పరిపించి, నెల రోజులు ఆరనిచ్చి, నేనే సీలర్ కొట్టాను. గృహప్రవేశానికి ముగ్గు గేటు బయటే వేశాను. యాదగిరి పిలవకుండానే గౌరిని తోలుకొచ్చాడు. ముసలిదైంది, అయినా రెండు మెట్లూ నిదానంగా ఎక్కింది. గది మధ్యలో నిలబడి పేడ వేసింది. వాడకట్టు ఆడవాళ్లు శుభమన్నారు. నేను బకెట్టు, గుడ్డ తెచ్చి తుడవడం మొదలుపెట్టాను.

"ఏందక్కా, జరసేపు ఉండనియ్యరాదు? శుభం గదా!" అన్నాడు యాదగిరి.

"శుభం అయింది తమ్మీ. ఉండనిస్తే బండ పచ్చగైతది."

అతను నవ్వాడు. గౌరి లోపలి గదిలోకి పోవాలంటే నేను తుడిచిన తడి మీదుగా పోవాలి. తాడు బిగించి దాన్ని ఆపాడు. వంగి బకెట్టులో వేలు ముంచి, వాసన చూశాడు.

"ఇండ్ల ఏం కలిపినవ్?"

"ఉత్త నీళ్లే."

"ఒట్టు?"

"ఒట్టు."

అప్పుడు గానీ తాడు వదులు చేయలేదు.